నలభై ఒకటో చానెల్ ఎవరిది

మా ఆఫీసులో నాకు కోపం తెప్పించకుండా రిటైరైన మనిషి ఒక్కరు కూడా లేరు. చెవుల మాష్టారు మాత్రం కోపంతో పాటు భయం కూడా పెట్టి వెళ్ళారు. కోపం చల్లారింది గానీ భయం ఇంకా నాతోనే ఉంది. అందుకే ఆయన గురించి రాయడానికి కూర్చున్నాను. రాయడం నాకు కొత్త కాదు. మీటింగుల్లో ఎవరేమన్నారో రాసిపెట్టడమే ఇన్నేళ్ళుగా నా ఉద్యోగం. అన్నది రాయాలి, అనుకున్నది రాయకూడదు అని మొదటి రోజే చెప్పారు నాకు. ఇక్కడ మాత్రం రెండూ రాస్తాను, ఎవరేమనుకున్నా సరే.

ముందు మా పనేమిటో చెప్పాలి. ఫోన్లు, రేడియోలు, పోలీసుల వైర్‌లెస్సులు, అన్నీ గాలిలో ఒక్కొక్క దారిన పోతుంటాయి. ఆ దారులే చానెళ్ళు. ఏ దారి ఏ కంపెనీకి దక్కాలో ప్రభుత్వం వేలం వేసి తేలుస్తుంది, గెలిచినవాళ్ళకి లైసెన్సు ఇస్తుంది. మాది నది ఒడ్డున ఉన్న ఊరు. అవతలి గట్టు ఇంకో దేశం. తరంగాలకు సరిహద్దు రాయి కనపడదు కదా, ఈ గట్టున యంత్రం పెడితే ఆ గట్టున చెవులు హోరెత్తుతాయి. అందుకని రెండు దేశాలూ ఒప్పందం చేసుకుని ఒకే రోజున, ఒకే షరతులతో వేలం పెట్టుకుంటాయి. వేలానికి ముందు రెండు గట్ల మీదా మనుషులు కూర్చుని, ఒక్కొక్క చానెల్‌నూ మూడేసి రోజులు విని, ఖాళీగా ఉందని సంతకం పెట్టాలి. మా వైపు అలా వినే మనిషి చెవుల మాష్టారు.

ఆ సంతకం పెట్టే కాగితాన్ని ఉమ్మడి ఫారం అంటాం. చానెల్ నంబరు, దాని ఎదురుగా రెండు గడులు. ఒకటి మాకు, ఒకటి అవతలి గట్టుకి. గడిలో రాయాల్సింది 'మాది' అని గానీ, 'మాది కాదు' అని గానీ. ఇద్దరూ 'మాది కాదు' అంటే చానెల్ ఖాళీ అన్నమాట, నేరుగా వేలానికి వెళ్ళిపోతుంది. ఆ ఫారం తయారుచేసిన మహానుభావుడెవరో నాకు తెలియదు. తెలిస్తే నిలబెట్టి నాలుగు అడిగేదాన్ని.

మాష్టారికి ఆ పేరు రెండు రకాలుగా వచ్చింది. చెవులు నిజంగానే పెద్దవి. వాటితో ఆయన వినేది మా ఎవరి చెవులకూ అందేది కాదు. కొత్తగా చేరిన ఇంజనీర్లందరికీ పాఠం చెప్పింది ఆయనే కాబట్టి మాష్టారయ్యారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒట్టి హోరు విని, 'మూడో టవరు మీద కనెక్షన్‌లోకి నీళ్ళు దిగాయి, ఎవర్నైనా ఎక్కించండి' అనేవారు. ఎక్కి చూస్తే నీళ్ళుండేవి. డైరెక్టరు గారి గదిలో ఫ్యాను ఇంకో వారంలో ఆగిపోతుందని చెప్పి, ఆగేదాకా రోజులు లెక్కపెట్టించి మమ్మల్ని నవ్వించారు. ఆయన ఉన్న గదిలో గుసగుసలాడటానికి జంకేవాళ్ళం. మాటలో మాత్రం మహా పొదుపు. నోట్లో నాలుక లేని మనిషని మొదట్లో నేనూ అనుకున్నాను.

ఆయన భార్యను నేను అక్కయ్యగారూ అని పిలుస్తాను. ఇంట్లోనే బట్టలు కుడుతుంది. నా జాకెట్లు ఆమె కుట్టినవే. కొలతలకి వెళ్ళినప్పుడల్లా మాష్టారి మీద పితూరీలు చెప్పేది. ఆ ఇంట్లో రేడియో లేదు. తలుపుకి బెల్లు లేదు. పొద్దున్న ఏడు దాటి పది నిమిషాలయ్యేసరికి ఆమె కుట్టు మిషను ఆపాలి, కుళాయి కట్టేయాలి, ఓ పావుగంట ఇంట్లో చప్పుడు ఉండకూడదు.

"ఎందుకని అడిగితే ఏం లేదంటారమ్మా. పెళ్ళయిన కొత్తలో లేదు ఈ చాదస్తం, నడుమలో వచ్చింది. ఆ పావుగంటా కిటికీ దగ్గర నిలబడతారు. ఎవరో వస్తారని చూస్తున్నట్టు కూడా ఉండదు, కళ్ళు మూసుకునే ఉంటారు" అంది ఒకసారి, నోట్లో గుండుసూదులు పెట్టుకునే.

నేను దాన్ని అంతగా చెవిన పెట్టలేదు. మగవాళ్ళ చాదస్తాలు వినీ వినీ విసిగిపోయిన దాన్ని.

రెండో వేలం వచ్చేదాకా అలాగే గడిచింది. మొదటి వేలంలో ఇచ్చిన లైసెన్సుల గడువు దగ్గరపడింది, చానెళ్ళన్నీ మళ్ళీ వేలానికి వస్తున్నాయి. కొన్న కంపెనీ తన యంత్రాలు ఆపేసి అప్పటికి రెండు నెలలైంది. పందొమ్మిదేళ్ళ కిందటి ఫైళ్ళు దులిపి ఒక నోటు తయారుచేయమని డైరెక్టరు గారు నాకు పురమాయించారు. మాష్టారి రిటైర్మెంటుకి కూడా సరిగ్గా రెండు నెలలే ఉంది. ఆ ఫైళ్ళలో ఒక రఫ్ నోటుబుక్కు దొరికింది. ఆయన చేతిరాత నేను ఎక్కడైనా గుర్తుపడతాను, అక్షరాలన్నీ వెనక్కి వాలి ఉంటాయి. నలభై ఒకటో చానెల్ దగ్గర ఇలా ఉంది.

'ఉదయం ఏడు గంటల పన్నెండు నిమిషాలు. మగ గొంతు: రేవు, రేవు, సరంగుని. వినిపిస్తోందా? ఆడ గొంతు: వినిపిస్తోంది, రా. కుడి పక్కన ఇసుక పడవ ఉంది, చూసుకుని రా. రెండు గొంతులూ స్పష్టంగా ఉన్నాయి.'

మర్నాడూ అదే, ఆ మర్నాడూ అదే. మూడు రోజులూ ఉన్నాయి ఆ గొంతులు. ఆ తర్వాత కాగితం ఉమ్మడి ఫారం. నలభై ఒకటి, మా గడిలో 'మాది కాదు'. అవతలి గడిలో కూడా 'మాది కాదు'.

నాకు గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే లాంచీ సంగతి ఈ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. వంతెన కట్టకముందు రెండు గట్ల మధ్యా ఒక లాంచీ తిరిగేది. దాన్ని నడిపే సరంగు ఒక వైర్‌లెస్ సెట్టు పెట్టుకునేవాడు. రేవులో టిక్కెట్లిచ్చే అతని భార్య దగ్గర రెండోది. మంచు దట్టంగా ఉన్న రోజుల్లో ఎటు తిప్పాలో, ఎక్కడ ఆగాలో ఆమె చెబుతుంటే అతను వచ్చేవాడు. వేలమైన నాలుగు నెలలకి కంపెనీ కొత్త యంత్రం పెట్టింది. ఆ హోరులో వాళ్ళ చిన్న సెట్లు మూగబోయాయి. రెండో వారంలో పొద్దున్నే మంచులో లాంచీ వెళ్ళి ఇసుక పడవకి గుద్దుకుని నడి నదిలో మునిగింది. తొమ్మిది మంది పోయారు, సరంగుతో కలిపి. విచారణ జరిగింది. సెట్లకి లైసెన్సు ఎప్పుడో ఇచ్చారు గానీ, ఆ కాగితం ఏ గట్టు ఆఫీసు వాళ్ళు రాసుకోవాలో తేలక ఇద్దరి లిస్టులోనూ ఎక్కలేదట. రెండు గడుల్లోనూ 'మాది కాదు' అని ఉంది కాబట్టి చానెల్ ఖాళీగానే ఉన్నట్టు లెక్క, ఎవరి తప్పూ లేదన్నారు. సరంగు భార్య రెండేళ్ళ తర్వాత పోయింది.

ఆ నోటుబుక్కు పట్టుకుని మాష్టారి బల్ల దగ్గరికి వెళ్ళాను. చెప్పొద్దూ, ఒళ్ళు మండిపోతోంది.

"ఇది మీ రాతే కదా మాష్టారూ?"

చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నాదే."

"అంటే మీరు విన్నారు."

"విన్నాను. మూడు రోజులూ విన్నాను."

"వినీ ఎలా రాశారు మరి?"

"మన లిస్టులో లేదమ్మాయ్. అవతలి వాళ్ళదేమో అనుకున్నా. ఫారం అడిగింది ఒక్కటే, మీదా కాదా అని. మనది కాదు. రాశాను." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "ఎవరిదని అడగలేదు ఫారం. నేనూ అడగలేదు."

ఏం తిట్టాలో వెతుక్కుంటూ నిలబడ్డాను. ఆయనే గొంతు తగ్గించి, "అతను మానలేదమ్మాయ్. రోజూ పిలుస్తాడు. ఏడూ పన్నెండుకి. వినిపిస్తోందా అని అడుగుతాడు. ఆవిడ మాత్రం పలకదు" అన్నారు.

"చెవిలోనా, తలలోనా?"

"ఆ తేడా తెలిస్తే ఇన్నేళ్ళు ఇలా ఉండేవాణ్ణా" అన్నారు.

కుట్టు మిషను ఎందుకు ఆగుతుందో నాకు అప్పుడు అర్థమైంది. ఆయన మీద కోపం పోలేదు. కానీ దాని పక్కనే జాలి కూడా వచ్చి కూర్చుంది. మళ్ళీ అదే చానెల్, అదే ఫారం, అదే గడి. ఈసారి ఆయన ఏం రాస్తారన్నదే నా గుబులు. 'మాది కాదు' అని రాస్తే రెండోసారి ఆ మాట రాసి బతకాలి. 'మాది' అంటే ఎవరిదో, ఎక్కడిదో చూపించాలి. చూపించలేకపోతే పిచ్చివాడంటారు, రెండు దేశాలు ఏడాదిగా కుదుర్చుకున్న వేలం చెడగొట్టాడంటారు.

ఇక్కడ అవతలి గట్టాయన గురించి చెప్పాలి. ఆ దేశం తరఫున వినే మనిషి ఆయన. పందొమ్మిదేళ్ళ కిందటా ఆయనే. మీటింగుల్లో బల్లకి చెరో వైపూ కూర్చుని ప్రతిదానికీ పెళ్ళి మాటల్లో లాగా బేరాలాడేవారని మాష్టారూ ఆయనా ఒకరినొకరు 'వియ్యంకుడు గారూ' అనుకునేవారు. మేమూ ఆయన్ని అలాగే పిలిచేవాళ్ళం. లావుపాటి మనిషి, నవ్వితే ఆయన కింద కుర్చీ కూడా నవ్వేది. ఏడాదికి రెండుసార్లు కలిసేవారు, కలిసి భోంచేసేవారు, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకునేవారు. లాంచీ మాట మాత్రం ఒక్కసారి కూడా ఎత్తలేదట.

"అడిగితే విన్నానంటాడేమోనని భయం. వినలేదంటాడేమోనని ఇంకా భయం" అన్నారు మాష్టారు.

ఈసారి ఒప్పందంలో కొత్త షరతు ఒకటి పెట్టారు. వినేవాళ్ళ పక్కన సాక్షిగా, రాసుకోవడానికి ఇంకొకరు ఉండాలట. నా ఖర్మ కాలి ఆ సాక్షి నేనే అయ్యాను. మా వ్యాను పాత రేవు దగ్గర ఆపాం. మెట్లు సగం పూడిపోయాయి, టిక్కెట్ల గదికి పైకప్పు లేదు. వ్యానులో ఇద్దరు కూర్చోవడానికి ఇరుకైన బల్ల, గోడకి తెర, తెర మీద చానెల్‌లో ఏదైనా ఉంటే ఎగిసే పచ్చ గీత. మూలన ఒక ఇనప చక్రం ఉండేది, వ్యాను పైనున్న పాత యాంటెన్నాని చేత్తో తిప్పడానికి. కంప్యూటర్లొచ్చాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. దానికి నా గొడుగు తగిలించాను.

మొదటి రోజు ఏడూ పన్నెండుకి మాష్టారు చెయ్యెత్తారు. నన్ను మాట్లాడొద్దన్నట్టు. మొహం పాలిపోయింది. హెడ్‌ఫోన్ ఒక వైపు తిప్పి నా చెవికి ఆనించారు. మూకుడులో నూనె కాగుతున్నట్టు సన్నటి హోరు తప్ప నాకేమీ వినపడలేదు. తెర మీద గీత పడుకున్నది పడుకున్నట్టే ఉంది.

"ఏమీ లేదు మాష్టారూ."

"ఉన్నాడు" అన్నారు.

అయినా నా పుస్తకంలో 'సాక్షికి ఏమీ వినపడలేదు' అనే రాశాను. నా ఉద్యోగం అది. ఆయన చూసి, తప్పు పట్టలేదు.

రెండో రోజు మంచు దిగింది. అవతలి గట్టు సరే, పక్కనున్న వంతెన కూడా కనపడటం లేదు. ఏడూ పన్నెండు కాగానే మాష్టారు ఫోను తీసి వియ్యంకుడికి కొట్టి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచారు.

"వియ్యంకుడు గారూ, నలభై ఒకటి మీద ఉన్నారా?"

"ఉన్నా."

"ఏమైనా ఉందా?"

"మీకుందా?" అన్నారు అటునుంచి.

"ముందు నేనడిగా."

"ఉంది" అన్నారు వియ్యంకుడు. ఆ గొంతులో నవ్వు లేకపోతే ఎలా ఉంటుందో నేను వినడం అదే మొదలు.

"అప్పుడూ ఉందా?"

"అప్పుడూ ఉంది. ఇద్దరూ మాట్లాడుకునేవాళ్ళు. ఆవిడ రా అనేది."

"మరి రాయలేదేం?"

"మీదనుకున్నా" అన్నారు వియ్యంకుడు.

మాష్టారు కళ్ళు మూసుకున్నారు. నేను పెన్ను కింద పెట్టేశాను. పందొమ్మిదేళ్ళు ఒకే మాట కడుపులో పెట్టుకుని ఒకే పళ్ళెంలో తిన్నారు వీళ్ళిద్దరూ. ముందే ఒక్కసారి, ఒక్క ఫోను చేసి ఉంటే ఆ తొమ్మిది మంది బతికి ఉండేవారు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. దాచుకోవాల్సిన అవసరం కనపడలేదు.

తర్వాత మాష్టారు నా గొడుగు తీసి పక్కన పెట్టి చక్రం పట్టుకున్నారు. యాంటెన్నా తిప్పుతూ పోతే గొంతు ఒక చోట బాగా సన్నబడుతుంది, దాన్నిబట్టి అది ఏ దిక్కున ఉందో తెలుస్తుంది. కానీ ఒక్క గట్టు నుంచి చూస్తే దిక్కే తెలుస్తుంది, చోటు తెలియదు. రెండు గట్ల నుంచీ రెండు గీతలు గీస్తే అవి కలిసిన దగ్గర మనిషి ఉన్నట్టు. అవతల వియ్యంకుడి వ్యానులోనూ అలాంటి చక్రమే ఉందట. ఇద్దరూ కళ్ళు మూసుకుని తిప్పారు. ఆయన డిగ్రీలు చెప్పారు, ఈయన డిగ్రీలు చెప్పారు. మ్యాపు మీద స్కేలు పెట్టి గీసింది నేను.

గీతలు నడి నదిలో కలిశాయి. పడవలవాళ్ళు తప్పుకుని పోవడానికి మ్యాపులో అక్కడ ఎర్ర చుక్క ఉంది. లాంచీ మునిగిన చోటు.

నేను మూఢనమ్మకాల మనిషిని కాను. ఆ చోటు ఇద్దరికీ కంఠతా వచ్చు, తెలియకుండానే చేతులు అటు తిప్పి ఉండొచ్చని అప్పుడే అనుకున్నాను. ఇప్పటికీ పగటి వెలుగులో అలాగే అనుకుంటాను. కానీ ఆ వ్యానులో, ఆ మంచులో, స్కేలు ఎత్తిన నా చెయ్యి చల్లబడిపోయింది.

మూడో రోజు మంచు ఇంకా చిక్కగా ఉంది. వ్యానులో యంత్రం సరిగ్గా వింటోందో లేదో చూసుకోవడానికి ఒక చిన్న హ్యాండ్‌సెట్టు ఉంటుంది. బటన్ నొక్కితే కూత వస్తుంది, అంతే. అందులో మాట్లాడకూడదు. మాట్లాడితే నేరం. మేం వినేవాళ్ళమే గానీ పలికేవాళ్ళం కాదని కొత్తవాళ్ళకి పాఠం చెప్పింది మాష్టారే. ఏడూ పన్నెండుకి ఆయన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఆ హ్యాండ్‌సెట్టు తీసి నలభై ఒకటి మీద పెట్టారు.

"మాష్టారూ, వద్దు. అవతల వాళ్ళ వ్యానులో రికార్డవుతుంది" అన్నాను.

"అవ్వాలి" అన్నారు.

బటన్ నొక్కారు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి గాలిలో మాట్లాడుతున్నారు.

"సరంగు గారూ, రేవు కాదండీ. ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాను. వినిపిస్తోంది. మీ గొంతు వినిపిస్తోంది. అప్పుడు కూడా వినిపించింది. మాది కాదని రాశాను. వినిపించిందండీ, అబద్ధం చెప్పను."

తెర మీద పచ్చ గీత ఒక్కసారిగా నిలువునా లేచింది. అది మాష్టారి గొంతే. బటన్ వదిలేయగానే పడుకుంది. ఆయన తల వంచి వింటున్నారు. నేను ఆయన మొహంలోకే చూస్తున్నాను. అందులో కొంచెం తెరిపి కనపడుతుందనీ, పిలుపు ఆగిపోయిందంటారనీ నా ఆశ. నాకు ఆ గొంతు మీద నమ్మకం లేదు, అయినా ఆగిపోవాలని కోరుకున్నాను.

"ఇంకా పిలుస్తూనే ఉన్నాడమ్మాయ్" అన్నారు. "నా మాట అతనికి వినపడటం లేదు."

హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కాసేపయ్యాక ఫారం ఇమ్మన్నారు. నలభై ఒకటి ఎదురుగా మా గడిలో, వెనక్కి వాలే అక్షరాలతో, 'మాది' అని రాశారు. నేను సాక్షి సంతకం పెట్టాలి. చానెల్‌లో గొంతు విన్నానా అంటే, విన్నాను. మాష్టారి గొంతు విన్నాను. సంతకం పెట్టాను.

నాలుగు రోజులకి రెండు దేశాల మీటింగు. అప్పటికే అవతలి వాళ్ళ రికార్డింగు మా డైరెక్టరు గారి బల్ల మీదికొచ్చింది. మీటింగుకి ముందు ఆయన మాష్టారిని తన గదిలోకి పిలిచారు. నన్నూ రమ్మన్నారు, రాయొద్దన్నారు. ఇప్పుడు రాస్తున్నాను.

"చూడండి మాష్టారూ, మీరంటే నాకు గౌరవం. నేను కూడా మీ దగ్గర నేర్చుకున్నవాణ్ణే. టెస్టింగ్ కోసం మాట్లాడామని రాసేద్దాం. మీరు ఆ ఒక్క గడీ మార్చి కొత్త ఫారం ఇవ్వండి. మర్యాదగా రిటైరవుతారు. లేదంటే నేరం కింద కేసవుతుంది, ఆ తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదు."

"మార్చలేను సార్."

"ఒక్క మాట రాస్తే పుట్టేం మునగదు కదా" అన్నారు డైరెక్టరు.

అన్నాక ఆయనకే అర్థమైంది. ఫైలు మూసి, తెరిచి, మళ్ళీ మూశారు. చెడ్డ మనిషి కాదు ఆయన. కిటికీ వైపు తిరిగి నీళ్ళు తాగారు.

"పోయినసారి ఆ ఒక్క మాటే రాశాను సార్. ఇప్పటిదాకా అరగలేదు" అన్నారు మాష్టారు.

మీటింగులో అవతలి దేశం డైరెక్టరు గారు పెద్ద కుర్చీలో ఉన్నారు. ఒక్కొక్క చానెలే చదువుతున్నారు, ఫారాలు తెరుస్తున్నారు. నలభై దాకా గబగబా నడిచింది. నలభై ఒకటి దగ్గర మా ఫారం చూసి కనుబొమలు ఎత్తారు. తమ ఫారం తీశారు. తీసి, కళ్ళజోడు సరిచేసుకుని వియ్యంకుడి వైపు చూశారు.

"ఇదేమిటి? మీరూ 'మాది' అని రాశారు."

"అవునండీ" అన్నారు వియ్యంకుడు.

"ఒక చానెల్ ఇద్దరిదెలా అవుతుంది?"

"ఎవరిదీ కాదని పోయినసారి ఇద్దరం రాశామండీ. అలా అయినప్పుడు ఇలా మాత్రం కాదా" అన్నారు. కుర్చీ కదలలేదు, నవ్వలేదు.

మాష్టారు బల్ల మీద చేతులు పెట్టుకుని వియ్యంకుడి వైపు చూశారు. ఇద్దరూ ముందు అనుకోలేదని ఆ చూపులోనే తెలిసిపోయింది. బేరాలాడుకున్న ఆ బల్ల మీద ఒకరి మాటకి ఒకరు అడ్డు చెప్పకపోవడం నేను చూడటం అదే మొదలు. నిబంధనల పుస్తకం తెప్పించారు. రెండు గడుల్లోనూ 'మాది' అని ఉంటే, ఎవరిదో తేలేదాకా ఆ చానెల్ వేలానికి రాకూడదని రాసి ఉంది. ఆ నిబంధన ఎప్పుడూ వాడింది లేదు. అవతలి డైరెక్టరు విసుగ్గా పెన్నుతో నలభై ఒకటి కొట్టేసి, "తర్వాతది చదవండి" అన్నారు. వేలం అనుకున్న రోజుకే జరిగింది, ఆ ఒక్కటి లేకుండా.

మాష్టారికి వీడ్కోలు సభ పెట్టలేదు. ఆఖరి నెల సస్పెన్షన్‌లో గడిచింది. హెడ్‌ఫోన్స్ అప్పగించిన రసీదు నేనే రాసిచ్చాను. వియ్యంకుణ్ణి వాళ్ళవాళ్ళు ఎక్కడో కొండ మీది టవరుకి బదిలీ చేశారని విన్నాం. ఆ వయసులో ఆ మోకాళ్ళతో ఎలా ఎక్కుతున్నారో తెలియదు. ఇద్దరూ మళ్ళీ కలవలేదు.

ఇది జరిగి నాలుగేళ్ళు. ఆ చానెల్ ఎవరిదో తేల్చమని ఉమ్మడి కమిటీ ఏటా ఉత్తరం రాస్తుంది. కొత్త ఇంజనీరుకి ఈ గొడవ తలనొప్పి, అందుకని ఆ ఫైలు నా బల్ల మీదికి తోసేశాడు. ఏటా నేను పాత రేవు దగ్గరికి వెళ్ళి మూడు పొద్దులు వింటాను. హోరు తప్ప ఏమీ వినపడదు. వినపడితే ఏం చేయాలో తెలియక, వినపడకూడదని దణ్ణం పెట్టుకుంటూ కూర్చుంటాను. ఆఫీసుకొచ్చి మా గడిలో 'మాది' అని రాస్తాను. అవతలి గట్టు నుంచీ అదే జవాబు వస్తుంది. అక్కడ ఇప్పుడు ఎవరు రాస్తున్నారో నేను అడగలేదు.

రాసిన రోజు మాష్టారింటికి ఫోను చేస్తాను. ఈ ఏడు చేసేసరికి అక్కయ్యగారు ఎత్తింది. మాష్టారికి ఆర్నెల్లుగా చెవులు బొత్తిగా వినపడటం లేదట. డాక్టరు దగ్గరికి రానంటున్నారట.

"నాకైతే లోపల్లోపల సంతోషంగానే ఉందమ్మా. ఇకనైనా ఆ పావుగంట గొడవ వదులుతుందనుకున్నా. వదల్లేదు. మిషను చప్పుడు కూడా వినపడని మనిషి, ఇంకా కిటికీ దగ్గరికే పోతారు. ఒక్కటే బాగా వినపడుతోందంటారు. ఏమిటది అంటే చెప్పరు."

ఆమెతో ఆయన ఎప్పుడూ చెప్పలేదు, చెప్పడం నా పని కాదు.

ఇంతలో వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది, చెవిటివాళ్ళు మాట్లాడినట్టు గట్టిగా. "అమ్మాయేనా? ఏం రాసిందో అడుగు."

అక్కయ్యగారు నన్నడిగింది. చెప్పాను. ఆమె ఫోను పక్కకి తిప్పి, ఆయన చెవి దగ్గర అరిచింది. "మాది అని రాసిందట."

మళ్ళీ చెప్పమన్నారు. ఆమె మళ్ళీ అరిచింది.

"సరే. రేపు పొద్దున్న అతనికి చెబుతాను" అన్నారు మాష్టారు.